ఓడినవాళ్లు రాసే రెండు అక్షరాలు

"ఆ తలుపు నన్ను విరగ్గొట్టమంటావా, నువ్వే తీయిస్తావా?"

తేగోన్ ఆ మాట అనేసరికి పిల్‌సున్ సూపు గిన్నెలో గరిటె వదిలేసింది.

బుధవారం పొద్దున ఆరున్నర. మూసిన తలుపు అవతల కూతురు ఈసుల్ ఉంది. ఆదివారం మధ్యాహ్నం లోపలికి పోయి గడియ పెట్టుకుంది. అప్పట్నుంచి బడి లేదు, మాట లేదు. అమ్మానాన్నలు పనికి పోయాక వంటగదిలోకి వచ్చి, నిలబడే ఏదో తిని, గిన్నె కడిగి బోర్లించి మళ్లీ లోపలికి పోతోంది. సాయంత్రం ఇంటికొచ్చి ఆ బోర్లించిన గిన్నె చూసినప్పుడల్లా పిల్‌సున్‌కి ఒళ్లు మండేది. అలిగిన పిల్ల గిన్నె కడగడం ఏమిటి? ఈ ఇంట్లో నా జాడ కూడా మిగల్చనని చెప్పడం కాకపోతే?

"విరగ్గొట్టండి. మానిటర్ అయింది, తలుపూ కానివ్వండి. తర్వాత గోడలున్నాయి. అవీ అయ్యాక నేనున్నాను."

"ఎగతాళా?"

"ఎగతాళి చేసే ఓపిక నాకెక్కడిది ఈసుల్ నాన్నా? ఎనిమిదింటికల్లా బడి వంటశాలలో ఉండాలి. పదకొండు వందల మంది పిల్లలు. మీ పిల్ల తినకపోయినా వాళ్లు తింటారు."

పగిలిన మానిటర్ ఇంకా వరండాలోనే ఉంది, కిమ్చి జాడీల పక్కన, బోర్లా పడి. ఆదివారం తేగోన్ దాన్ని రెండు చేతులా ఎత్తి నేలకేసి కొట్టాడు. పగలగొట్టినవాళ్లే ఎత్తాలని ఆమె పంతం. నాలుగు రోజులుగా ఇద్దరూ దాన్ని దాటుకుంటూ బట్టలు ఆరేసుకుంటున్నారు.

గొడవకి మూలం ఫ్రిజ్ తలుపు మీద అయస్కాంతం కింద వేలాడుతోంది. ఒక్క కాగితం. శనివారంలోగా తల్లో తండ్రో దాని మీద ముద్ర వేస్తే ఈసుల్ బడి మానేసి, సియోల్‌లో ఆటగాళ్ల జట్టు ఉండే ఇంట్లో చేరిపోతుంది. పదిహేడేళ్ల పిల్ల. రోజుకి పద్నాలుగు గంటలు కంప్యూటర్ ముందు కూర్చుని యుద్ధాలు ఆడుతుందట. అదే ఉద్యోగమట. టీవీలో చూపిస్తారట.

తేగోన్ సంతకానికి బదులు వేసే తన పేరు ముద్ర జేబులో వేసుకుని తిరుగుతున్నాడు. పోస్ట్‌మన్ బ్యాగులో కూడా కాదు, చొక్కా జేబులో, గుండీ పెట్టి మరీ. పిల్‌సున్ ముద్ర కుట్టు పెట్టెలో ఉంది. దాన్ని ఎవరూ దాచలేదు. ఈ ఇంట్లో ఆమె ముద్ర కూడా చెల్లుతుందని ఆయనకి తట్టనే లేదు.

"ఇరవై రెండేళ్లుగా ఉత్తరాలు పంచుతున్నా," అన్నాడు తేగోన్ సాక్సు లాక్కుంటూ. "ఏ ఇంట్లో ఎవడు పాసయ్యాడో, ఎవడు తప్పాడో, ఎవడు కోర్టుకెక్కాడో గుమ్మం దగ్గర నిలబడితే తెలిసిపోతుంది నాకు. బడి మానేసిన పిల్లలున్న ఇళ్లు తెలుసు. ఆ తల్లుల మొహాలూ తెలుసు. ఆ మొహం నీకొద్దనే కదా నా ఏడుపు."

"నా మొహం గురించి ఏడవద్దు. నేను ఇంకా సరేననలేదు, కాదనలేదు."

"ఎందుకనలేదు? చెప్పు. ఎందుకనలేదో నాకు తెలుసు. నిన్న మూడున్నరకి నిన్ను చూశాను. మార్కెట్ వెనక పీసీబాంగ్ మెట్లెక్కుతున్నావు. బండి ఆపి మరీ చూశాను. ఒంటి మీద వంటశాల వాసన, చేతిలో ఉల్లికాడల సంచి. యాభై రెండేళ్ల ఆడది కంప్యూటర్ ఆటల గదికి! కూతురికి పిచ్చి పట్టిందనుకున్నా. అమ్మకి కూడా అంటిందని అక్కడే తెలిసింది."

గిన్నెలో సూపు పొంగి స్టవ్ మీద పడింది. ఇద్దరిలో ఎవరూ కదల్లేదు.

తలుపు అవతల పిల్ల వింటోందో, నిద్రపోతోందో.

ఆదివారం ఆ తలుపు మూసుకునే ముందు ఈసుల్ తండ్రి వైపు చూడలేదు. తల్లినే అడిగింది. "నాన్న సంగతి వదిలెయ్. నువ్వు చెప్పమ్మా. ఒక్కసారైనా ఆడావా? ఏంటో తెలీకుండా వద్దని ఎలా అంటావ్?"

బడి వంటశాలలో పని తెలియని ఆఫీసరు వచ్చి, ఏడుగురు చేసే పని ఐదుగురు చెయ్యొచ్చు అని రాసుకుపోతే, కత్తి పీట మీద కొట్టి అడిగిన మనిషి పిల్‌సున్. 'ఒక్కరోజు వండి చూసి చెప్పండి సార్' అని. ఇప్పుడు అదే మాట కూతురు తన మొహాన కొట్టింది. దానికి జవాబు ఒక్కటే. వండి చూడాలి.

అందుకే సోమవారం నుంచి పీసీబాంగ్‌కి వెళ్తోంది.

*

"వచ్చావా అక్కా? ఇవాళెవడి చేతిలో చస్తావ్?" అంది యోన్‌ఒక్ కౌంటర్ మీదుగా.

పీసీబాంగ్ నడిపే యోన్‌ఒక్‌కి నలభై ఉంటాయి. ఒక చేత్తో డబ్బాల రామెన్‌లో వేణ్నీళ్లు పోస్తూ, రెండో చేత్తో అరవై కంప్యూటర్లు చూసుకుంటుంది. సోమవారం పిల్‌సున్‌ని కూర్చోబెట్టి మౌస్ పట్టుకోవడం నేర్పింది ఆమే. "ఆటలోకి పోవాలంటే ఒక పేరుండాలక్కా, నీ పౌర రిజిస్ట్రేషన్ నంబరు చెప్పు," అని కొట్టి చూసి, "నీ నంబరు మీద ఇప్పటికే ఒకటుంది కదా!" అంది. పేరు 'పొద్దుటిమంచు'.

పిల్‌సున్‌కి అర్థమైంది, ఈసుల్ అంటే మంచుబొట్టే కదా. చిన్నప్పుడు ఈసుల్ "అమ్మా నీ నంబరు చెప్పవా" అని అడిగి రాసుకుపోయిన రోజు గుర్తొచ్చింది. పిల్లలకి ఆటలో పేరివ్వరు కాబట్టి ఇంటింటా అమ్మల నంబర్లే వాడారు. తన నంబరు, తన పేరు. తనది తను వాడుకోవడానికి ఎవరినడగాలి? పాస్‌వర్డ్ కూడా మొదటి దెబ్బకే తగిలింది. ఇంట్లో అన్నిటికీ వాడే నాలుగంకెలే.

ఇక ఆట.

పై నుంచి చూస్తే నల్లటి చీకటి. మధ్యలో కాస్త నేల. అక్కడ ఒక కార్ఖానా, నలుగురు పనివాళ్లు. వాళ్లని రాళ్లు తవ్వమనాలి. తవ్వింది పెట్టి ఇంకో పనివాణ్ణి తేవాలి. తిండిపెట్టే కొట్లు కట్టాలి, లేకపోతే కొత్తవాళ్లు రారు. సిపాయిల బారకాసు కట్టాలి. ఇదంతా ఎవరి వంతూ లేకుండా, ఆగకుండా, అవతలివాడూ ఇదే చేస్తుండగా. చీకట్లో వాడెక్కడున్నాడో తెలీదు. ఎప్పుడొస్తాడో తెలీదు.

మొదటిరోజు ఆమె పనివాళ్లనీ, తిండి కొట్లనీ తప్ప ఏమీ కట్టలేదు. ముప్పైమంది తవ్వుతుంటే ముచ్చటేసింది. నాలుగో నిమిషంలో ఎవడో ఆరు కుక్కల్లాంటి జంతువుల్ని పంపాడు. అవి తిన్నగా తవ్వేవాళ్ల మీద పడ్డాయి.

"ఇదేం ఆటే? కార్ఖానా జోలికి పోకుండా పనివాళ్లని చంపుతున్నాడు!"

"మొదట వాళ్లనే చంపుతారక్కా. వాళ్లు పోతే అంతా పోయినట్టే."

"ఆ సంగతి తెలిసి కూడా వాళ్ల చేతికి కర్ర ఇవ్వరా?"

"ఇవ్వరు."

"బయటా ఇంతే, ఇక్కడా ఇంతేనా!" అని పిల్‌సున్ అరిచిన అరుపుకి పక్క వరసలో హెడ్‌ఫోన్లు పెట్టుకున్నవాళ్లు కూడా తిరిగి చూశారు.

రెండోరోజు సిపాయిల్ని తయారు చేసింది. తిండి కొట్లు మాత్రం వంటశాల బల్లల్లా సందు లేకుండా వరసగా పేర్చింది. సిపాయిలు పన్నెండుమందీ ఆ వరస వెనక ఇరుక్కుపోయారు. అవతల తమ కార్ఖానా తగలబడుతుంటే ఇవతల నిలబడి చూశారు. తర్వాతి ఆటలో దారి వదిలింది. శత్రువు మీదికి పంపింది. సిపాయిలు తుపాకులు భుజాన పెట్టుకుని, పక్కనుంచి కాలుస్తున్నా తల తిప్పకుండా, నడుచుకుంటూ పోయి చచ్చారు. ఒక్కడు కూడా తిరిగి కాల్చలేదు.

"నువ్వు నడవమన్నావక్కా. నడిచారు. కొట్టమంటే ఇంకో మీట నొక్కాలి."

"ఎదురుగా చంపుతుంటే కొట్టమని వేరే చెప్పాలా?"

"చెప్పాలి."

ఆమె మౌస్ బల్లకేసి కొట్టింది. కోపం ఆ సిపాయిల మీద కాదు. ఇరవై ఏళ్లు తను అలాగే నడిచింది కదా అని.

ఒక సంగతి ఆమెకి తెలీదు. 'పొద్దుటిమంచు' అనే ఆ పేరుకున్న ర్యాంకు చూసి, చెయ్యి తిరిగినవాళ్లే వచ్చి ఎదురు కూర్చుంటున్నారు. లోకమంతా ఇంత క్రూరంగానే ఆడుతుందని ఆమె అనుకుంది.

ఈ బుధవారం కాస్త నిలబడింది. ఒక్క పనివాణ్ణి కూడా ఊరికే నిలబడనివ్వలేదు. ఆ విద్య ఆమెకి వంటశాలే నేర్పింది. అన్నం ఉడికే లోపు ముల్లంగి, ముల్లంగి తరిగే లోపు సూపు. పదకొండు నిమిషాలు గడిచాయి. అప్పుడొచ్చాడు 'తుప్పుకత్తి' అనేవాడు.

రెండు వైపుల నుంచి వచ్చాడు. రెండు నిమిషాల్లో అంతా ఊడ్చేశాడు. ఒక మూల ఒకే ఒక్క తిండి కొట్టు, ఇద్దరు పనివాళ్లు మిగిలారు. అంతే, అక్కడ ఆగాడు. సైన్యాన్ని కాస్త వెనక్కి తీశాడు. నిలబడ్డాడు.

చంపడు. పోడు.

పిల్‌సున్ ఆ ఇద్దరి చేతా తవ్వించింది. వాడు చూస్తూ ఊరుకున్నాడు. ఒక గోడ కట్టించింది. ఊరుకున్నాడు. ఇరవై నిమిషాలు. పిల్లి ఎలకని ఆడించినట్టు. ఆమెకి చెవుల్లోంచి ఆవిరొచ్చింది. "చంపరా వెధవా! చంపి పోరా!"

తెర కింద అక్షరాలు పడ్డాయి. 'ఏమైంది నీకు? నిజంగా నువ్వేనా?'

"ఏం రాయాలే వీడికి?" అని కేకేసింది.

"ఓడిపోతే జీజీ అని రాసి వచ్చెయ్యాలక్కా!" యోన్‌ఒక్ రామెన్ పళ్లెంతో అటు పరిగెడుతూ అరిచింది. "బాగా ఆడావు, నేను ఓడాను అని. అది రాయకుండా పోతే మర్యాద తెలీదంటారు. సోమవారమే చెప్పాగా!"

"రాస్తూనే ఉన్నా కదా ప్రతిసారీ."

ఇంగ్లీషు జీ ఏ మీట మీద ఉందో ఆమెకి తెలుసు. రెండుసార్లు నొక్కింది. తెర మీద 'హహ' అని పడింది. ఆ మీట మీద రెండక్షరాలుంటాయి, ఇంగ్లీషు జీ, కొరియన్ హ. భాష మార్చే మీట పక్కనే ఉంటుంది. దాన్ని నొక్కాలని యోన్‌ఒక్ చెప్పలేదు. ఎవరికీ చెప్పాల్సిన పని ఉండదు గనక. ఇంగ్లీషు జీని యంత్రం మన భాషలోకి మార్చి పెడుతోంది కాబోలని పిల్‌సున్ మూడు రోజులుగా అనుకుంటోంది.

వాడికి సరిగ్గా అందలేదేమోనని మళ్లీ నొక్కింది. హహ. ఇంకోసారి. హహ.

తుప్పుకత్తి మాట లేకుండా వెళ్లిపోయాడు.

"ఎంత పొగరు వెధవైనా మర్యాద చూపిస్తే పారిపోతాడు," అనుకుంటూ ఆమె ఉల్లికాడల సంచి తీసుకుని లేచింది. మూడు రోజుల్లో మొదటిసారి గెలిచినట్టనిపించింది.

*

సాయంత్రం ఆరుకి ఇంటికొచ్చేసరికి ఆ తలుపు తెరిచి ఉంది.

ఈసుల్ హాల్లో టెలిఫోన్ పక్కన నిలబడి ఉంది. తేగోన్ ఇంకా యూనిఫామ్‌లోనే నేల మీద కూర్చుని నారింజ ఒలుస్తున్నాడు. కూతురు బయటికొచ్చిందన్న సంబరంలో పిల్‌సున్ సంచి కూడా దించలేదు. "తిన్నావా?" అంది.

"అమ్మా." నాలుగు రోజులు వాడని గొంతు గీరుకుపోయింది. "నా పేరుతో ఆడింది నువ్వేనా?"

"నీ పేరేంటే? నా నంబరు మీదున్న..."

"నువ్వేనా!"

"నేనే. అయితే?"

ఈసుల్ గోడకి ఆనుకుంది. "జట్టు మేనేజర్ ప్యో గారు ఫోన్ చేశారు. మూడు రోజుల్లో పంతొమ్మిది ఆటలు ఓడానట. శనివారం దాకా ఆ పేరు రికార్డు చెక్కు చెదరకూడదని ముందే చెప్పారు. సరే, అది పోనీ. ఓడిన ప్రతిసారీ అవతలివాళ్లని చూసి నవ్వానట. చివరికి జట్టులోని సీనియర్ ఆటగాణ్ణి కూడా. 'ఓటమి ఒప్పుకోవడం రానివాళ్లు మా ఇంట్లో అక్కర్లేదు, శనివారం రావద్దు' అన్నారు."

"నవ్వానా? నేనెక్కడ నవ్వానే? మర్యాదగా జీజీ అని..."

"భాష మీట నొక్కావా?"

పిల్‌సున్‌కి ఒక్క క్షణం పట్టింది. హహ. చదవడం రాకేం, చదివింది. చదివి కూడా చూడలేదు. పంతొమ్మిది మంది మొహాల మీద పంతొమ్మిది సార్లు నవ్వి వచ్చింది.

తేగోన్ నారింజ తొన నోట్లో వేసుకున్నాడు. మొదట భుజాలు కదిలాయి. తర్వాత పకపకా నవ్వాడు. "ముద్ర పని లేకుండానే తెగిపోయింది! నేను మానిటర్ పగలగొట్టి తిట్లు తిన్నా. నువ్వు చూడు, ఎంత సుతారంగా..."

"నోరు ముయ్యండి!"

ఆ ఇంట్లో ఆ మాట ఆమె నోట ఎన్నడూ రాలేదు. తేగోన్ నవ్వు ఆగిపోయింది.

"కావాలనే చేశావు కదమ్మా." ఈసుల్ గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది. "కాదని చెప్పే ధైర్యం లేక ఇలా చేశావు. నాన్న పెట్టె పగలగొట్టాడు. ఇంకోటి కొనొచ్చు. నువ్వు నా పేరు పగలగొట్టావు. నాలుగేళ్లు కట్టుకున్నాను దాన్ని."

"ఒట్టు ఈసుల్, తెలుసుకుందామని వెళ్లాను. నువ్వే అడిగావు కదా, ఆడావా అని. ఆడాను. ఇప్పుడు అడుగు నన్ను." పిల్‌సున్ సంచి విసిరేసింది. ఉల్లికాడలు చెల్లాచెదరయ్యాయి. "అడుగు! వద్దనే చెప్తాను. ఆ తుప్పుకత్తి అనేవాడే కదా మీ సీనియర్? ఓడించాక చంపకుండా ఇరవై నిమిషాలు నన్ను నిలబెట్టి వేడుక చూశాడే వాడు! అలాంటివాళ్ల మధ్యకా నిన్ను పంపేది?"

ఈసుల్ తల్లిని వింతగా చూసింది.

"వేడుక చూశాడా?"

"కాకపోతే?"

"ఒక్క కొట్టు మిగిలినా నేను లేచి గెలిచిన ఆటలున్నాయమ్మా. అవి చూసే ఆయన నన్ను రమ్మన్నారు. ఇవాళ చంపకుండా ఆగింది నేను లేస్తానని. ఇరవై నిమిషాలు సైన్యాన్ని ఊరికే నిలబెట్టి నా కోసం చూశారు." ఆమె టెలిఫోన్ వైపు చెయ్యి చూపింది. "దానికి నువ్వు నవ్వావు."

పై అంతస్తులో ఎవరో వాషింగ్ మెషిన్ వేశారు.

పిల్‌సున్ ఫోన్ అందుకుంది. "నంబరు చెప్పు."

"నమ్మరమ్మా. ఓడిన ప్రతివాడూ మా అమ్మ ఆడింది, మా తమ్ముడు ఆడాడు అనే చెప్తాడు."

"చెప్పు నంబరు!"

ఈసుల్ చెప్పింది. పిల్‌సున్ నొక్కింది. అవతల ప్యో గారి గొంతు పొడిగా ఉంది. ఆమె అంతా చెప్పింది, భాష మీటతో సహా. ఆయన విని, "ఈసుల్ అమ్మగారూ, పిల్ల కోసం తల్లి అబద్ధమాడడం నాకు కొత్త కాదండీ," అన్నాడు.

"అబద్ధమా? అయితే నన్ను కూర్చోబెట్టి ఆడించండి. నాలుగు నిమిషాలు చూడండి. ఇంత అధ్వానంగా నటించడం ఎవరి వల్లా కాదని మీకే తెలుస్తుంది."

అవతల కాస్త నవ్వు వినబడినట్టనిపించింది. "నిజంగానే ఆడింది మీరేనా? ఇంట్లో ఇంకెవరైనా చెప్తారా?"

అంతే, తేగోన్ లేచాడు. నారింజ తడి చేత్తో రిసీవర్ లాక్కున్నాడు. మెత్తగా, గుమ్మాల దగ్గర ఉత్తరాలిచ్చే గొంతుతో మాట్లాడాడు. "నమస్కారమండీ. నేను తండ్రిని. మా ఆవిడకి కంప్యూటర్ వెయ్యడమే రాదండీ. ఆడింది మా పిల్లే. తల్లి మనసు కదా, ఏదో చెప్తోంది. శ్రమ ఇచ్చాం. ఉంటానండీ."

పెట్టేశాడు.

పిల్‌సున్ మళ్లీ నొక్కింది. మోగింది, మోగింది. ఎత్తలేదు. మళ్లీ నొక్కింది. ఈసారి మోగను కూడా లేదు.

"ఒక్క మాటతో పోయే గొడవకి ఇంత రాద్ధాంతం," అన్నాడు తేగోన్. ఆయన చెయ్యి మాత్రం చొక్కా జేబు మీదికి, ఆ ముద్ర మీదికి పోయింది. "రేపు నాకు థాంక్స్ చెప్తారిద్దరూ."

వాళ్ల వెనక వీధి తలుపుకున్న ఎలక్ట్రానిక్ తాళం తెరుచుకుంటూ పాట పాడింది. ఇద్దరూ తిరిగారు. ఈసుల్ లేదు. ఆమె చెప్పులు లేవు. కోటు మేకుకే ఉంది.

పిల్‌సున్ కుట్టు పెట్టె తెరిచింది. ఫ్రిజ్ మీది కాగితం లాగింది. ఎర్ర సిరా అద్ది, నిలబడే, గోడకానించి ముద్ర వేసింది. అది వంకరగా పడింది. తేగోన్ చూస్తూనే ఉన్నాడు. చూసి, వెళ్లి గుమ్మంలో నిలబడ్డాడు.

"కదిలావంటే ఊరుకోను."

"ఇన్నాళ్లూ మీరు నడవమంటే నడిచాను. తప్పుకోండి."

ఆమె తోసిన తోపుకి ఆయన చెప్పుల అరని గుద్దుకున్నాడు. వంటశాలలో పెద్ద గంజులు ఎత్తే భుజం అది. ఆయన దాన్ని ఎన్నడూ చూడలేదు.

నాలుగంతస్తుల మెట్లు వట్టి సాక్సులతో దిగింది. రోడ్డుకవతల సియోల్ బస్సు ఆగి ఉంది. దాని ముందు నుంచి అవతలి తలుపు వైపు పోతూ కోటు లేని పిల్ల.

"ఈసుల్! ముద్ర వేశానే! నేనూ వస్తా, వాళ్ల ముందు కూర్చుని ఆడతా!"

ఈసుల్ తిరిగింది. తల్లి చేతిలో కాగితం చూసింది. తల్లి కాళ్లు చూసింది.

"జాలిపడి వేశావా, ఒప్పుకుని వేశావా?" అని అరిచింది రోడ్డుకవతల నుంచి. "ఒక్కటి చెప్పమ్మా. అబద్ధం చెప్పకు."

పిల్‌సున్ నోరు తెరిచింది. నిజం వెతుక్కుంటే దొరకలేదు. మధ్యలో లారీ ఒకటి అడ్డం వచ్చింది. అది తప్పుకునేసరికి అవతల బస్సు తలుపు మూసుకుంటున్న చప్పుడు వినిపించింది. పిల్ల లోపలుందో, బయటే ఉండిపోయిందో ఇటు నుంచి కనపడలేదు.